తువ్వాలు వేసిన అల్జీరియా కుర్చీ

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు: మామ్మ, అమ్మ, అయ్య, నేను. ప్రభుత్వం తరఫున వీఆర్వో కూర్మనాథం గారు. అల్జీరియా తరఫున గోడ మీద ఒక బొమ్మ. కోడిపెట్ట కూడా ఉంది గానీ, అది లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండడం వల్ల దాన్ని లెక్కలో వేయలేదు.

కూర్మనాథం గారు వచ్చింది మామ్మ బతికే ఉందని వేలిముద్ర తీసుకోవడానికి. అది పడితేనే పింఛను. మామ్మ వేలు ఎంతకీ పడడం లేదు. మా ఊళ్లో ఆడవాళ్లం జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తాం. పిక్కలోంచి కారే జీడి వేళ్ల మీద గీతలన్నీ తినేస్తుంది. అందుకని మా ఊరి ఆడవాళ్లు బతికి ఉన్నారంటే మిషను ఒక పట్టాన నమ్మదు.

“మళ్లీ కడుక్కో ముసలమ్మా. సబ్బెట్టి రుద్దు. మిషను నువ్వు లేవంటంది,” అన్నారాయన.

“నాను లేకపోతే నీతో మాటాడతన్నది ఎవుల్రా నాయనా,” అంటూ మామ్మ పెరట్లోకి వెళ్లింది.

ఆమె వచ్చేలోగా ఏం చేయాలో తోచక కూర్మనాథం గారు గోడ వైపు చూశారు. మా కష్టాలన్నీ ఆ చూపుతో మొదలయ్యాయి.

ఆ బొమ్మలో ఒక పెద్ద కుర్చీ ఉంటుంది. కుర్చీలో మనిషి ఉండడు. ఒక ఫోటో ఫ్రేము ఉంటుంది. ఫ్రేములో కూడా ఎవరూ ఉండరు. కుర్చీ వీపు మీద ఒక తెల్లటి బట్ట వేలాడుతూ ఉంటుంది. చుట్టూ కోట్లు వేసుకున్న మనుషులు నడుములు వంచి నిలబడి ఉంటారు. ఒకడు ఫ్రేముకి ఎండ తగలకుండా గొడుగు పడతాడు. ఒకడు ఫ్రేము నోరు ఎక్కడుందో తెలియక టీ కప్పుతో వెతుక్కుంటూ ఉంటాడు. ఒక మూల చిన్నపిల్ల కుర్చీ వెనక్కి వెళ్లి, అసలు అక్కడెవరైనా ఉన్నారేమోనని తొంగి చూస్తూ ఉంటుంది. మామ్మ దాన్ని చూసిన రోజే, ఇంతమంది వంగారంటే ఎవరో దేవుడై ఉంటాడని అద్దానికి బొట్టు పెట్టేసింది.

ఆ బొమ్మ వేసింది స్లిమాన్ అనే ఆయన. అయ్య అల్జీరియాలో ఇళ్లు కట్టే కంపెనీలో వెల్డరుగా ఉన్నప్పుడు, ఆయన అదే సైటులో బోర్డులు రాసే పెయింటరు. అంతకుముందు పేపర్లో బొమ్మలు వేసేవాడట. అయ్యకి వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ, ఆయనకి వచ్చిన హిందీ సినిమా పాటలూ కలిపి ఇద్దరూ మాట్లాడుకునేవారు. వాళ్ల దేశంలో రాసినవాళ్లనీ బొమ్మలు వేసినవాళ్లనీ వెతికి చంపిన కాలం ఒకటి ఉందట. అప్పుడు స్లిమాన్ గారు ఎడమచేత్తో వేసేవాడట, గీతను బట్టి మనిషిని పోల్చుకోకుండా. తర్వాత చాలా ఏళ్లకి శుక్రవారం శుక్రవారం జనం రోడ్ల మీదికి వచ్చి, అట్టముక్కల మీద బొమ్మలు పట్టుకుని నడిచారు. శుక్రవారం సైటుకి సెలవు. అయ్య సగం కట్టిన మేడ మీద నిలబడి చూసేవాడు. “తీర్థంలాగుండీదమ్మా. గొడవ పడీవోలు కాదు. నవ్వుకుంటా నడిసీవోలు,” అని చెప్తాడు. ఆ నవ్వులు అయిపోయాక ఒక్కొక్కళ్లనీ పట్టుకుపోవడం మొదలైంది.

అయ్య తిరిగి వచ్చేటప్పుడు స్లిమాన్ గారు ఈ బొమ్మని దుప్పట్లో చుట్టి ఇచ్చి, నా దగ్గరుంటే ఇది మిగలదు, నీ దగ్గర ఉంచు, అడిగిన రోజున ఇద్దువుగాని అన్నాడట. కిందటి నెల ఆయన కూతురు నసీమా ఫోన్ చేసింది. ఆయన్ని జైల్లో పెట్టారు. ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ పట్టుకుపోయి కాల్చేశారు. ఆయన చేత్తో వేసిన కాగితం ఇక ఇదొక్కటే. అయ్య ఫోనులో బొమ్మని చూపిస్తే ఆ అమ్మాయి ఇంకొంచెం దగ్గరగా పెట్టమంది. అయ్య ఫోను అలాగే బొమ్మకి ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు.

కూర్మనాథం గారికి ఇదంతా తెలియదు. ఆయనకి కుర్చీ ఒక్కటే కనిపించింది.

“ఢిల్లేశ్వర్రావూ, ఇది మా తహసీల్దారు గారి కుర్చీ కదూ?”

“కాదు బాబూ. అది అల్జీరియా కుర్చీ,” అన్నాడు అయ్య.

“మరి తువ్వాలుందేటి?”

“తువ్వాలు కాదు బాబూ. దాన్ని బుర్నూసంటారు. మన కంబళీలాగ. అక్కడ పెద్దమనుషులు కప్పుకుంటారు.”

“పెద్దమనిషి కుర్చీ మీద ఏసిన గుడ్డని తువ్వాలనక ఏటంటారు?” అన్నారు కూర్మనాథం గారు. మా జిల్లాలో ఏ ఆఫీసుకి వెళ్లినా కుర్చీ వీపు మీద టర్కీ తువ్వాలు ఉంటుంది. సారు ఉన్నా లేకపోయినా తువ్వాలు ఉంటుంది. తువ్వాలు ఉందంటే సారు ఉన్నట్టే.

ఆయన ఫోనులో బొమ్మని ఫోటో తీసుకుని గబగబా వెళ్లిపోయారు. మామ్మ తడి చేతులతో వచ్చి చూస్తే మిషనూ లేదు, మనిషీ లేడు. ఆమె బతికి ఉన్న విషయం ఆ విధంగా పెండింగులో పడింది.

రెండు రోజులకి తహసీల్దారు గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. తుఫానుకి మా ఊరి కప్పులన్నీ లేచిపోయినప్పుడు ఆయన జీపు వచ్చి చూసి వెళ్లింది గానీ, ఆయన రాలేదు. అందుకని ఊరంతా చూడడానికి వచ్చారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

“సదరు చిత్రంలో కుర్చీ ఖాళీగా చూపబడింది. ఇది నా హాజరుపై చేసిన వ్యాఖ్య,” అన్నారు.

“ఆయన తమర్ని ఎప్పుడూ సూడ్నేదు బాబూ,” అన్నాడు అయ్య.

“చూసి ఉంటే ఖాళీగా వేసేవాడు కాదు. అదే రుజువు.”

కూర్మనాథం గారు మెల్లిగా, “అల్జీరియా మన పరిధిలోకి రాదు సార్,” అన్నారు.

“మన పరిధిలోకి రానివాడికి మన కుర్చీ సంగతి ఎలా తెలిసింది? అదే విచారించవలసిన అంశం,” అన్నారు తహసీల్దారు గారు. పోలిక నిర్ధారణ కోసం ఆఫీసులో ఉన్న కుర్చీని తక్షణం ఇక్కడికి తరలించమని ఆజ్ఞ వేశారు.

కుర్చీ ఆటోలో వచ్చింది. కూర్మనాథం గారు పక్కన కూర్చుని, తువ్వాలు గాలికి ఎగిరిపోకుండా దారి పొడవునా రెండు చేతులతో అదిమి పట్టుకుని వచ్చారు. దాన్ని మా వాకిట్లో, అమ్మ జీడిపిక్కలు ఎండబెట్టే చోట దించారు. విచారణ ముగిసేవరకు కుర్చీ స్థానం మారరాదన్నారు. బొమ్మని కూడా గోడ మీదనుంచి కదపకూడదన్నారు.

“మరి పిక్కలెక్కడ ఎండేసుకోవాల బాబూ?” అని అడిగింది అమ్మ.

“ప్రత్యామ్నాయ ఎండ చూసుకోండి,” అన్నారు తహసీల్దారు గారు.

మర్నాడు కూర్మనాథం గారు నియమాలు తెచ్చారు. కుర్చీ ఎక్కడుంటే ఆఫీసు అక్కడే. ఆఫీసులో పదకొండింటికి టీ వస్తుంది, కాబట్టి ఇక్కడా పదకొండింటికి టీ రావాలి. రాకపోతే కుర్చీ డ్యూటీలో లేనట్టు నమోదవుతుంది. అమ్మ టీ తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక, కుర్చీ చేతి మీద పెట్టింది. కుర్చీ తరఫున కూర్మనాథం గారు తాగారు. చిన్న వాన పడితే తువ్వాలు తడవకూడదని అయ్యని గొడుగు పట్టుకోమన్నారు. అయ్య పట్టుకున్నాడు. పట్టుకోకపోతే విచారణ అడ్డుకున్నట్టట. విచారణలో ఉన్నవాడి పాస్‌పోర్టు రెన్యూవల్ కాదట.

ఆఫీసులో కుర్చీ లేదని తెలిసి, అర్జీలు పట్టుకున్న జనం మా వాకిలికి రావడం మొదలుపెట్టారు. చెప్పులు విడిచి, కుర్చీకి దండం పెట్టి, అర్జీ దాని మీద పెట్టి ఎగిరిపోకుండా రాయి పెట్టేవారు. పక్క ఊరి నుంచి వచ్చిన జోగులు తాత రోజంతా కూర్చుని బీడీ కాల్చుకుంటూ మెచ్చుకున్నాడు.

“అక్కడ కుర్సీ కాళీగుంటే సారు బోజనానికెళ్లారంటారు, మీటింగుకెళ్లారంటారు. ఇక్కడ అబద్దమాడీవోడే నేడు. ఈ ఆఫీసే నయం.”

“పని అయ్యిందేటి తాతా?” అని అడిగింది అమ్మ.

“అవనేదు. అవకపోతేనేటి, మీ కాడ టీ టయానికొస్తంది.”

మామ్మ కూడా నా చేత ఒక అర్జీ రాయించింది. “పైల తవిటమ్మ అను నేను బతికే ఉన్నాను” అని. ఆమె దాన్ని కుర్చీ మీద పెట్టి, అలసిపోయి పక్కనే కూర్చోబోయింది. కుర్చీలో కూర్చుంటుందేమోనని కూర్మనాథం గారు పరుగున వచ్చి అడ్డం పడ్డారు. “ఓరి నీ తస్సాదియ్యా, నాలుగు రోజుల్నుంచి ఎవులూ కూకోనేదు, ఎవులికోసం దాస్తన్నావురా,” అంది మామ్మ.

అంతలో డివిజన్ ఆఫీసుకి సంగతి తెలిసింది. ఆర్డీఓ గారు వచ్చారు. ఆయన నిండుగా ఉండే మనిషి, మెల్లగా మాట్లాడతారు. బొమ్మ చూశారు, వాకిట్లో కుర్చీ చూశారు, తువ్వాలు అంచు వేళ్లతో పట్టుకుని చూశారు.

“దీనికి నీలం అంచు ఉన్నది. చిత్రంలోనిది అంచులేని శుద్ధ శ్వేతం. మండల స్థాయికి శుద్ధ శ్వేతం ఎక్కడిది? ఈ చిత్రం నన్ను ఉద్దేశించినది.”

తహసీల్దారు గారి ముఖం పాలిపోయింది. “సార్, అవమానం ముందుగా జరిగింది నాకు. పంచనామా కూడా రాయించాను.”

“విదేశం నుంచి అవమానం వచ్చే స్థాయి నీది కాదయ్యా,” అన్నారు ఆర్డీఓ గారు, జాలిగా.

మర్నాడు ఆర్డీఓ గారి కుర్చీ కూడా వచ్చింది. దానికి చక్రాలున్నాయి. అవి మా ఇసకలో సగం దిగిపోయాయి. ఆ వారం జిల్లా మీటింగులో ఎవరో పెద్దాయన, ఎవరికీ కోపం తెప్పించని అధికారి పని చేసినట్టెలా తెలుస్తుంది అన్నారట. అవమానం పడ్డవాడే పని చేసినవాడని తేలడంతో ప్రతి శాఖవారికీ బొమ్మలో కుర్చీ తమదేననిపించింది. వ్యవసాయం వాళ్ల కుర్చీ వచ్చింది. కరెంటు వాళ్లది వచ్చింది. మత్స్య శాఖ వాళ్ల తువ్వాలు తెల్లది కాదు గానీ, ఉతికితే తెలుపే అని రాతపూర్వకంగా ఇచ్చారు. మా వాకిలి నిండిపోయింది. ప్రతి కుర్చీ ముందూ జనం నడుములు వంచి నిలబడ్డారు. అయ్య ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి గొడుగు మార్చుకుంటూ తిరుగుతున్నాడు. అమ్మ టీ గ్లాసులతో ఏ కుర్చీ ముందు ఆగాలో తెలియక వెతుక్కుంటోంది. పక్కింటి చంటిది చక్రాల కుర్చీ వెనక్కి వెళ్లి తొంగి చూస్తోంది.

నేను కిటికీలోంచి అది చూశాను. వెనక్కి తిరిగి గోడ మీద బొమ్మ చూశాను. మళ్లీ బయటికి చూశాను. మామూలుగా నేను ఎవరితోనూ ఏమీ అనను. డైరీలో మాత్రం “ఈ రోజు స్లిమాన్ గారు మన ఊరు వచ్చారు” అని రాసుకున్నాను.

చివరికి ఇన్ని కుర్చీల మీద ఒక నిర్ణయం చేయడానికి కమిటీ మా ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అంటే చాప మీద. ఆర్డీఓ గారు అధ్యక్షులు.

“ఈ వివాదమునకు మూలం ఫ్రేము ఖాళీగా ఉండుట. చిత్రకారుడు పనిని అసంపూర్తిగా వదిలివేసినాడు. ఖాళీని భర్తీ చేసినచో మిగతా క్లెయిములు వాటంతటవే తొలగిపోవును. ఫ్రేములో నా ముఖము వేయించి, చిత్రమును కార్యాలయములో అలంకరించవలెనని తీర్మానిస్తున్నాము.”

“అవమానం అన్నారు కద బాబూ,” అన్నాడు అయ్య. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

“అంతర్జాతీయ స్థాయిది. ఊరికే పోనిస్తామా?”

అయ్య చేతులు జోడించాడు. “బాబూ, మీకు దణ్ణమెడతాను. అది నాది కాదు. ఆ మనిషి జైల్లో ఉన్నాడు. ఆడు గీసినవి అన్నీ కాల్చీసినారు. ఇదొక్కటే ఉండిపోనాది. అడిగినరోజున ఇస్తానని మాటిచ్చినాను. అందులో మొహం ఉండకూడదు బాబూ. మొహం లేకపోడమే ఆ బొమ్మ.”

“చూడు ఢిల్లేశ్వర్రావు, మేము చింపడం లేదు, కాల్చడం లేదు. పూర్తి చేస్తున్నాము. మీ మిత్రునికి ఇది సహాయమే,” అన్నారు ఆర్డీఓ గారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నారు. “స్థానికంగా చిత్రకారులెవరైనా ఉన్నారా?”

“ఈడి కూతురే ఏస్తాది సార్. దమయంతి. బళ్లో గోడ మీద గాంధీ గార్ని ఏసింది,” అన్నారు కూర్మనాథం గారు.

అందరూ నా వైపు తిరిగారు. నేను తలుపు చాటుకి జరిగాను గానీ మా తలుపు అంత వెడల్పు కాదు.

కూర్మనాథం గారు మేకులు పీకి, అద్దం తీసి, కాగితం నా ముందు పెట్టారు. ఎవరో పెన్ను ఇచ్చారు. అయ్య చూడలేక వాకిట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ నా చెవిలో, “సెయ్యి వణికిపోతందని సెప్పీ,” అంది.

అద్దం లేకుండా ఆ కాగితాన్ని చూడడం నాకు అదే మొదలు. దగ్గరగా చూస్తే ఇంకు గీతల కింద పెన్సిలు గీతలు కనిపించాయి. ఫ్రేము లోపల కాగితం పల్చబడి, నూగు లేచి ఉంది. అక్కడ ఆయన మొహం గీసి చెరిపాడు. ఒకసారి కాదు, చాలాసార్లు గీసి, చాలాసార్లు చెరిపాడు. ఇంకొంచెం చెరిపితే చిల్లు పడేది. పెన్ను మొన పెడితే చాలు, ఇప్పుడైనా పడుతుంది. అప్పటిదాకా నాకు భయం ఆర్డీఓ గారంటే. అప్పట్నుంచి కాగితమంటే భయం వేసింది.

“ఊఁ, కానివ్వు,” అన్నారాయన.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. నోట్లోంచి వచ్చింది ఇదే.

“చూడకుండా మొహం వేయడం నాకు రాదండి.”

“ఎదురుగానే ఉన్నానుగా.”

“చాప మీద కాదండి. కుర్చీలో ఉన్నట్టు వేయాలంటే, కుర్చీలో కూర్చుంటే చూసి... ముందు వేరే కాగితం మీద వేసి...” అంటూ పెన్నుకి మూత పెట్టేశాను.

ఆయన ఆలోచించారు. “సబబే. పదవికీ ముఖానికీ పొంతన ఉండవలెను,” అని లేచి వాకిట్లోకి నడిచారు. నేను స్కూలు డ్రాయింగు పుస్తకం పట్టుకుని వెనకే వెళ్లాను.

ఆర్డీఓ గారు చక్రాల కుర్చీ మీద అర్జీల కట్ట తీసి పక్కన పెట్టి, తువ్వాలు సర్దుకుని, కూర్చున్నారు.

బీడీ పడేసి ముందుగా లేచింది జోగులు తాత.

“ఒరే, కుర్సీలో సారున్నార్రా,” అన్నాడు, చాలా నెమ్మదిగా.

అంతే. నేను చెవుల దాకా గీశానో లేదో, నాకూ ఆయనకీ మధ్య జనం వచ్చేశారు. లేచిపోయిన కప్పులు, కొట్టుకుపోయిన రోడ్డు, ఎవరి పేరుకో ఎక్కిన జీడితోట, అందరూ ఒకేసారి చెప్తున్నారు. “బాబూ నాది సూడండి. నాను కుర్సీకి తొమ్మిదిసార్లు సెప్పినాను.” “ముందు నాది. నాను మత్స్యశాఖ కుర్సీక్కూడా సెప్పినాను.” ఆయన లేవబోయారు. చక్రాలు ఇసకలో ఇంకాస్త దిగాయి.

“తహసీల్దార్, ఇది నీ పరిధి,” అని జనం మధ్యలోంచి కేక వేశారు.

“శుద్ధ శ్వేతం సార్. డివిజన్ స్థాయి,” అన్నారు తహసీల్దారు గారు, వినయంగా, తన నీలం అంచు తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుంటూ. మత్స్య శాఖ వాళ్లు అప్పటికే కుర్చీని ఆటోలోకి ఎత్తేశారు. కరెంటు వాళ్లు తమ కుర్చీకి అసలు తువ్వాలే లేదన్నారు. చూస్తే నిజంగానే లేదు, ఎవరో తీసేశారు.

ఆర్డీఓ గారు ఎలాగో కుర్చీలోంచి బయటపడి, అర్జీలు చేతుల్లోంచి జారిపోతుంటే నిలబడి గట్టిగా ప్రకటించారు. “ఈ కుర్చీతో నాకు సంబంధం లేదు. చిత్రంలోనిది అల్జీరియా కుర్చీ. అది పరాయి దేశపు ఆంతరంగిక వ్యవహారం. విచారణ ఇంతటితో ముగిసినది.”

“అదే కద బాబూ నాను మొదట్నుంచీ సెప్తన్నది,” అన్నాడు అయ్య. అప్పటికే ఆయన ఇంట్లోకి వెళ్లి కాగితాన్ని దుప్పట్లో చుట్టి రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఉన్నాడు. గొడుగు కింద పడి ఉంది.

ఆర్డీఓ గారు జీపు వైపు పరుగు లాంటి నడకతో వెళ్లారు. నా పుస్తకంలో ఆయన భుజాలు వచ్చాయి, చెవులు వచ్చాయి, వెనక తువ్వాలు కూడా బాగా కుదిరింది. మధ్యలో ఒక్కటే ఖాళీ. మొదలుపెట్టిన బొమ్మ వదిలేయకూడదని మా డ్రాయింగు మాస్టారు చెప్తారు. అందుకని జనాన్ని తోసుకుంటూ జీపు దాకా పరుగెత్తాను. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరుతో అందరికీ వినపడేలా మాట్లాడాను.

“సార్, మొహం ఒక్కటే మిగిలిందండి. ఇంకొక్క నిమిషం కూర్చుంటే...”

ఆర్డీఓ గారు జీపు తలుపు నా మొహం మీదే వేసేశారు.